ఫిల్టరు మీద నేను వేసిన నింద

కెమెరా ఫిల్టరుకు రంగుదోషం ఉందో లేదో తెలుసుకోవాలంటే తెల్ల గోడ మీద పరీక్షించండి. గోడ లేకపోతే తెల్ల కాగితం, అదీ లేకపోతే ఉతికి ఆరేసిన పంచె. మనిషి ముఖం మీద మాత్రం పరీక్షించకండి. మదనపల్లె చుట్టుపక్కల పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లు ఏ ఫిల్టరు కొనమంటారని నాకు ఫోన్ చేసినప్పుడల్లా ఈ ముక్క తప్పకుండా చెబుతాను. ఎందుకని ఇంతవరకు ఒక్కడూ అడగలేదు. వాళ్లకు కావలసింది ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్లు మన్నుతుంది అన్నదే.

నా భార్య పోయి ఏడాది దాటింది. ఆమెను తీసుకుపోయింది జబ్బు. ఆ జబ్బు నా కళ్ల ముందే, నా కెమెరా ముందే మొదలైంది. నేను దాన్ని ఫిల్టరు తప్పు అనుకున్నాను. రెండు నెలలకు పైగా అట్లాగే అనుకుంటూ ఉండిపోయాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మా పనిలో ఫిల్టరంటే లెన్సు ముందు పెట్టే గుండ్రటి గాజు బిళ్ల. ఒక రకం నీళ్ల మీద, కారు అద్దాల మీద వచ్చే మెరుపును తీసేస్తుంది. ఇంకో రకం ముఖాన్ని మెత్తగా, మచ్చలు కనబడకుండా చేస్తుంది, పెళ్లికూతుళ్లకు అదంటే ప్రాణం. మూడోది నల్లగా ఉంటుంది, లోపలికి వచ్చే వెలుతురును తగ్గిస్తుంది. మా ఎండలకు అది లేకుండా మిట్టమధ్యాహ్నం బయట ఫోటో తీస్తే ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు వస్తాయి. మునుపు ఇవన్నీ మర తిప్పి బిగించుకోవాల్సిందే. ఆ మరతో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

నిమ్మనపల్లె దగ్గర ఒక పల్లెలో పెళ్లి. తలంబ్రాలు అయిపోయి, జంటను ఎండలోకి తెచ్చి అరుంధతీ నక్షత్రం చూపిస్తున్నారు. నల్ల ఫిల్టరు బిగించబోతే మర సరిగా కూర్చోక అడ్డంగా ఇరుక్కుంది. చేతులకేమో చెమట, పసుపు, అక్షింతల జిగురు. నేను తిప్పుతున్నాను, అది కదలదు. పట్టపగలు నక్షత్రం ఎటూ కనబడేది కాదు గనుక పురోహితుడు నిమిషంలో ముగించేశాడు. నా భార్య వచ్చి కెమెరా లాక్కుని, తన జడకున్న రబ్బరు బ్యాండు తీసి ఫిల్టరు అంచుకు చుట్టి, ఒక్క తిప్పుతో ఊడదీసింది. "ఊరగాయ జాడీ మూత రాకపోతే ఇట్లే తీస్తాం," అంది. పెళ్లికొడుకు తమ్ముళ్లంతా నవ్వారు. ఆ జంట ఆల్బములో అరుంధతి ఫోటో లేదు.

ఆమె నాతోపాటు ప్రతి పెళ్లికీ వచ్చేది. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరమే, పనిలోనూ ఇద్దరమే. పెళ్లికూతురి కుచ్చిళ్లు సర్దడం, వెండి రంగు అట్ట పట్టుకుని ముఖం మీదికి వెలుతురు మళ్లించడం, ఏడుస్తున్న తల్లిని ఒక పక్కకు తీసుకుపోయి కాటుక తుడవడం ఆమె వంతు. బటన్ నొక్కడం నా వంతు. పొగడ్తలన్నీ నాకే వచ్చేవి. ఆమె పట్టించుకునేది కాదు.

మాగ్నెటిక్ ఫిల్టర్లు వచ్చాక మర గోల తీరింది. లెన్సుకు ఒక సన్నటి రింగు ముందే బిగించి ఉంచుకుంటాం. ఫిల్టరు అంచులో అయస్కాంతం ఉంటుంది. దగ్గరికి తీసుకుపోతే చాలు, టక్కున కూర్చుంటుంది. గోటితో మీటితే చేతికి వచ్చేస్తుంది. మంటపం చీకట్లోంచి ఎండలోకి నాలుగడుగులు వేసేలోపు ఫిల్టరు మార్చుకోవచ్చు. కొనదలచుకుంటే మీ లెన్సుల్లో ఏది పెద్దదో చూసి దాని కొలతకే కొనండి. చిన్న లెన్సులకు రింగులు వేసి అదే వాడుకోవచ్చు, చిన్నది కొంటే పెద్దదానికి దేవుడు దిగివచ్చినా సరిపోదు. కొట్లోనే కెమెరాను బోర్లించి వెనక అరచేత్తో రెండు దెబ్బలు వేయండి. ఊడి కింద పడిందా, దండం పెట్టి వచ్చేయండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించడం సులువు కదా అని మూడు నాలుగు ఎక్కించకండి, ఫోటో మూలలు నల్లబడతాయి. వెల్డింగు కొట్టు పక్కన ఫిల్టర్ల పెట్టెను తెరవకండి, ఇనుప రజనంతా వచ్చి అంచుకు పట్టుకుంటుంది. ఇవన్నీ నాకు తెలుసు. ఫిల్టర్ల గురించి నాకు తెలియనిది లేదని అనుకునేవాణ్ని.

రంగు విషయంలో అయితే నాకు మరీ పొగరు. మా నాయన టమాటా మండీలో పెట్టెలు ఎత్తేవాడు. చిన్నప్పుడు ఆయన వెనక తిరిగి తిరిగి, కాయ రంగు చూసి ఇది మద్రాసు దాకా నిలుస్తుంది, ఇది బెంగళూరు చేరేలోపే మెత్తబడుతుంది అని చెప్పేవాణ్ని. వ్యాపారులు నన్ను పిలిచి మరీ అడిగేవాళ్లు. ఎరుపులో పది రకాలు చెప్పగలను. ఆ కన్ను చూసుకునే ఫోటోగ్రఫీలోకి వచ్చాను.

పుంగనూరులో ఒక భాయ్ కొట్టు ఉంది. ఫిల్ము రోజుల్లో ఆయన కెమెరాలు బాగుచేసేవాడు, ఇప్పుడు బెంగళూరు నుంచి సరుకు తెచ్చి అమ్ముతాడు. మాఘమాసం పెళ్లిళ్లకు ముందు ఆయన దగ్గర ఈ అయస్కాంతం ఫిల్టర్ల సెట్టు ఒకటి కొని తెచ్చాను. మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. కొత్త లెన్సు గానీ, లైటు గానీ, ఏది వచ్చినా మొదటి ఫోటో ఆమెదే. పెరట్లో బట్టలుతికే బండ పక్కన పొద్దున ఎనిమిది గంటలకు వెలుతురు చక్కగా పడుతుంది. చేతిలో పనేదున్నా వదిలి వచ్చి అక్కడ నిలబడాలి. సణుగుతూనే వచ్చేది.

"కొత్త కత్తి తెస్తే ముందు వంకాయ కోసి సూస్తారు. నీకు నేను వంకాయ," అనేది.

ఆ రోజు శుక్రవారం. నల్ల ఫిల్టరు పెట్టి రెండు ఫోటోలు తీశాను. కంప్యూటర్లో వేసి చూస్తే ముఖం పచ్చగా, పసుపు పూసినట్టు ఉంది. మావైపు ఆడవాళ్లు శుక్రవారం పసుపు రాసుకుని స్నానం చేస్తారు, అదేననుకున్నాను. పరీక్ష చేసే రోజు ముఖానికి పసుపు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి అని కేకేశాను.

"ఈ పొద్దు రాసుకోనే లేదప్పా," అని వంటింట్లోంచి అంది. "నీళ్లు కాగక ముందే నువ్వు పిలిస్తివి కదా."

అయితే తప్పు ఫిల్టరుదే. పోయినేడు తీసిన ఆమె ఫోటో ఒకటి తీసి పక్కన పెట్టాను. అదే బండ, అదే వెలుతురు, అదే లెన్సు. అందులో రంగు సరిగా ఉంది. ఈ రెండు ఫోటోల మధ్య మారింది ఫిల్టరు ఒక్కటే అని తీర్మానించాను. మనిషి మారి ఉండొచ్చని నాకు తోచలేదు. ఫిల్టరు తీసేసి ఇంకొక్క ఫోటో తీసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. అయస్కాంతం ఫిల్టరు తీయడానికి పట్టేది అర క్షణం. ఆ అర క్షణం పని నేను చేయలేదు. నాకు అంత నమ్మకం నా కంటి మీద.

కంప్యూటర్లో రంగు సరిచేసే గీత ఒకటి ఉంటుంది. ఒక చివర నీలం, ఒక చివర పసుపు. మధ్యలో ఉన్న చుక్కను నీలం వైపు లాగితే ఫోటోలో పసుపు తగ్గుతుంది. కొంచెం లాగాను. ఆమె ముఖం మామూలు రంగుకు వచ్చింది. ఆ కొలత దాచుకుని, ఈ ఫిల్టరుతో తీసిన ప్రతి ఫోటోకూ అదే వేస్తూ పోయాను.

పదిహేను రోజులకు పెద్దతిప్పసముద్రం నుంచి ఒక పెళ్లికూతురి తల్లి ఫోన్ చేసింది. "ఏమప్పా, మా పాప మొగం యాల ఇంత నీలంగా ఉండాది? సలిలో వణికేదాన్ని తెచ్చి పీటల మీద కూసోబెట్టినట్లుండాదే," అంది. మంటపంలో లైట్లు అట్లాంటివమ్మా అని సర్దిచెప్పాను. తప్పు చేసినవాడికి సాకులకు కరువా?

మూడు వారాలు గడిచాక నా భార్యను మళ్లీ బండ దగ్గర నిలబెట్టాను. ఈసారి పసుపు ఇంకా ఎక్కువగా ఉంది. ఫిల్టరు గాజు మీద ఉండే పూత ఎండకు చెడిపోతోంది, అందుకే రోజురోజుకూ రంగు ముదురుతోంది అని ఒక సిద్ధాంతం కట్టాను. బండి వేసుకుని పుంగనూరు పోయాను. భాయ్ మీద అరిచాను. నకిలీ సరుకు అంటగట్టావన్నాను.

ఆయన తల మీద తెల్ల టోపీ తీసి గాజు బల్ల మీద పెట్టాడు. ఫిల్టరు పెట్టి ఒక ఫోటో, తీసి ఒక ఫోటో తీశాడు. రెండూ నాకు చూపించాడు. రెండింటిలోనూ టోపీ తెల్లగానే ఉంది.

"సూడు భాయ్. యాడుండాది పచ్చ? నా టోపీలో లేదు, నీ ఫిల్టర్లో లేదు."

"మా ఇంట్లో తీస్తే వస్తాండాది," అన్నాను.

"పచ్చకామెర్లోనికి లోకమంతా పచ్చగానే కనపడతాదంట," అని నవ్వాడు. కొట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. కోపంతో ఆ ఫిల్టరు బల్ల మీద పడేసి, వేరేది ఇస్తావా ఇయ్యవా అన్నాను. ఇచ్చాడు. నన్ను వదిలించుకుంటే చాలునని ఇచ్చి ఉంటాడు.

ఆ రోజుల్లో ఇంట్లో జరిగినవి ఇప్పుడు ఒక్కొక్కటిగా గుర్తుకొస్తాయి. ఆమె అరచేతులు, అరికాళ్లు గోక్కుంటూ ఉండేది. దువ్వెన పళ్లతో గోక్కునేది. గిన్నెలు తోమే సబ్బు పడలేదనుకుని సబ్బు మార్చింది. రాగిసంకటి సగం ముద్ద తిని చాలనేది. జాకెట్లు వదులైతే కుట్లు బిగించుకుని, సన్నబడ్డానని సంబరపడింది. నేను కూడా బాగున్నావన్నాను. ఇంట్లో మనిషి ఇట్లా ఉంటే ఏ మొగుడైనా ఒకసారి పరీక్షగా చూస్తాడు. నేను చూసింది ఫిల్టరును.

ఫాల్గుణంలో కొత్త ఫిల్టరుతో మూడోసారి ఫోటో తీశాను. పసుపు మునుపటి కంటే ఎక్కువ. ఇక ఈ కంపెనీ సరుకంతా ఇంతేనని కంప్యూటర్ ముందు కూర్చుని తిట్టుకుంటున్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నా వెనక నిలబడింది. తెర మీద తన ముఖం చాలాసేపు చూసింది.

"ఏమప్పా, అద్దంలో కూడా నేను ఇట్లే కనపడతాండాను," అంది.

"ఆ అద్దం పాతదైపోయింది. దాని పైన బల్బు కూడా పచ్చది," అన్నాను. అని ఊరుకోలేదు. చుక్కను నీలం వైపు లాగి, లాగి, ఆమె రంగు వచ్చేదాకా లాగి, "ఇప్పుడు సూడు. ఇదీ నువ్వు," అన్నాను.

ఆమె వంగి చూసింది. ముఖం తేటపడింది. "ఆ, ఇట్లయితే బాగుండాను," అని పనిలోకి వెళ్లిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

నెలాఖరులో కుప్పంలో ఒక పెళ్లి ఒప్పుకున్నాం. పలమనేరు, వి.కోట మీదుగా ముందురోజే చేరుకున్నాం. తెల్లారి నా భార్య పెళ్లికూతుర్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి తలలో పూలు పెడుతోంది. నేను తీస్తున్నాను. పెళ్లికూతురి అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. వారం కిందటే కంటి ఆపరేషన్ అయిన మనిషి, నల్లద్దాలు పెట్టుకుంది. ఆ అద్దాలు పైకెత్తి మనవరాల్ని చూస్తున్నదల్లా చూపు నా భార్య వైపు తిప్పింది.

"ఏమ్మా, నీ కండ్లేమి ఇంత పచ్చగా ఉండాయి? కామెర్లు అయిందా? ఆస్పత్రిలో సూపిచ్చుకోలేదా?"

నా భార్య నవ్వబోయి ఆగిపోయింది. అవ్వ నా వైపు తిరిగింది. "ఇంటాయన నువ్వేనా? నీకు కండ్లు కనపడవా అప్పా?"

నా మెడలో రెండు కెమెరాలు వేలాడుతున్నాయి. వాటిని పక్కకు నెట్టి, నా భార్య దగ్గరికి పోయి, గడ్డం పట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పాను. కళ్లలో తెల్లగా ఉండాల్సినదంతా పసుపు. ముక్కు పక్కన, మెడ మీద, చెవుల వెనక పసుపు. మధ్యలో ఫిల్టరు లేదు, లెన్సు లేదు, కంప్యూటర్ లేదు. ఇప్పుడే పోదామన్నాను. తాళి కట్టేదాకా ఆగమంది. "పాపం, వాళ్లకు ఫోటోలు ఎవరు తీస్తారు?" అంది. ఆ పెళ్లిలో నేనేం తీశానో నాకు తెలియదు. ఫోటోలు బాగున్నాయనే అన్నారు.

మధ్యాహ్నానికి కుప్పంలోనే ఆస్పత్రికి తీసుకుపోయాను. రక్తం తీసుకున్నారు, స్కానింగు తీశారు. ఒక డాక్టరమ్మ కంటి రెప్పలు కిందికి లాగి చూసి, "ఈ పసుపు ఎప్పట్నుంచి ఉంది?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు నా భార్య చెప్పింది. "నాలుగు దినాలయింది మేడమ్. అంతకుముందు ఏమీ లేదు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

బయట బెంచీ మీద కూర్చున్నాక ఎందుకట్లా అబద్ధం చెప్పావని అడిగాను. ఆమె కొంగుతో అరచేతులు రుద్దుకుంటూ నిదానంగా చెప్పింది.

"మరి ఏం చెప్పమంటావు? రెండు నెలల నుంచి నా మొగుడు నన్ను నిలబెట్టి ఫోటోలు తీస్తాండాడు, పచ్చగా ఉండేదాన్ని మంచిగా చేసి సూపిస్తాండాడు అని చెప్పమంటావా? పెండ్లాం మొగం సూడనోనికి రేపు పెండ్లిండ్లు ఎవరిస్తారప్పా?"

ఆమే మళ్లీ అంది. "అద్దంలో దినామూ కనపడతానే ఉండె. నువ్వు ఫోటో సూపిచ్చితివి కదా. నీకు తెలీని రంగా అని ఊరుకుంటి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ గొంతులో కోపం లేదు. నన్ను చూసి జాలిపడుతోంది. చావుకు తను భయపడాల్సిన చోట కూర్చుని, నా పరువు గురించి ఆలోచిస్తోంది.

ఆమెను ఆస్పత్రిలో చేర్చుకున్నారు. బట్టలు తెచ్చుకోవడానికి మరునాడు పొద్దున మదనపల్లె వచ్చాను. ఇంట్లోకి పోగానే కంప్యూటర్ వేశాను. నేను చేసిన దిద్దుబాట్లన్నీ తీసేసి, తీసినది తీసినట్టుగా ఆ మూడు ఫోటోలు వరుసగా పెట్టుకున్నాను. మొదటిదాంట్లో పసుపు లేతగా ఉంది. రెండోదాంట్లో తెలిసిపోతోంది. మూడోది చూసినవాడు ఎవడైనా ఈమెకు కామెర్లని చెబుతాడు. మూడింటిలోనూ ఆమె తలలో కాకడ మల్లెలు ఉన్నాయి. మూడింటిలోనూ తెల్లగా ఉన్నాయి. ఫిల్టరుకే రంగు ఉంటే పూలకు కూడా పట్టాలి కదా? దిద్దిన ఫోటోలు తీసి చూశాను. వాటిలో ఆమె ముఖం చక్కగా ఉంది, పూలు నీలంగా ఉన్నాయి. ముఖం కోసం పూలను నీలం చేశాను, ఆ పూలు కూడా నేను చూడలేదు.

ఇంకొకటి కూడా చూశాను. ఏ ఫోటోకు చుక్కను ఎంత లాగానో కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. మొదటిసారి కొంచెం, రెండోసారి సగం దాకా, మూడోసారి దాదాపు చివరికంటా. ఆమె జబ్బు ఎంత పెరిగిందో అంతంత కొలిచి, నా చేత్తోనే చెరిపేస్తూ వచ్చాను.

ఆ సాయంత్రం కుప్పంలో డాక్టరమ్మ నన్ను ఒక్కణ్నే పిలిచింది. పైత్యరసం దిగే గొట్టం దగ్గర గడ్డ ఉందని, కాలేయానికి పాకిందని, ఆపరేషన్ చేసే దశ దాటిందని చెప్పింది. నేను ఫోనులో పెట్టుకుని తెచ్చిన ఆ మూడు ఫోటోలు ఆమె ముందు పెట్టాను. నాలుగు రోజులు కాదు మేడమ్ అన్నాను. ఆమె ఒక్కో ఫోటోనూ రెండు వేళ్లతో పెద్దది చేసి కళ్లు చూసింది. మొదటిది ఏ రోజుదని అడిగింది. చెప్పాను. వేళ్ల మీద వారాలు లెక్కపెట్టింది.

"అప్పుడే తెచ్చి ఉంటే?" అని అడిగాను.

ఆమె ఫోను నా చేతికి ఇచ్చేసింది. "ఆమె పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా?" అంది. తినలేదన్నాను. "కొంచెం గంజి తాగించండి," అని లేచింది. ఆ జవాబు కోసం తర్వాత ఇంకెవరినీ అడగలేదు. బతికేదన్నా, బతికేది కాదన్నా భరించగలనని నాకు నమ్మకం లేదు.

పైత్యరసం దిగడానికి లోపల ఒక గొట్టం వేసి ఇంటికి పంపారు. కొన్నాళ్లు రంగు తగ్గింది, తర్వాత మళ్లీ వచ్చింది. పెళ్లిళ్లు మానేశాను. ఒకరోజు పుంగనూరు పోయి భాయ్‌కి జరిగిందంతా చెప్పి, నీ సరుకులో తప్పు లేదు, తిట్టినందుకు క్షమించమన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "యా అల్లా, ఆ మాట నా నోట్లో యాల వచ్చెనో," అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కొట్టు మూసి, నా బండి వెనక కూర్చుని మా ఇంటికి వచ్చి ఆమెను చూసి పోయాడు. ఆమె ఆయనకు టీ పెట్టమని నన్ను వంటింట్లోకి తరిమింది. ఆయన తాగలేక తాగాడు.

వైశాఖం చివర్లో ఒక పొద్దున, మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని, "నాదొక ఫోటో తియ్యప్పా," అంది. "ఉత్తగా తియ్యి. ఏదీ పెట్టి సూడడానికి కాదు."

అప్పుడు తెలిసింది నాకు. పదహారేళ్ల కాపురంలో ఆమెవి వందల ఫోటోలు తీశాను. అన్నీ ఏదో ఒక లెన్సును, లైటును, గాజు బిళ్లను పరీక్షించడానికి తీసినవే. ఆమె కోసమని ఆమెను తీసింది ఒక్కటీ లేదు. వేరేవాళ్ల పెళ్లాలను అంత అందంగా తీసినవాణ్ని.

లెన్సు ముందు ఉన్నదంతా మీటి తీసేశాను. మంచం పక్కన నేల మీద కూర్చుని ఒకటే ఒకటి తీశాను. చూపించమంది. ల్యాప్‌టాప్ తెచ్చి మంచం మీద పెట్టి, పక్కన కూర్చున్నాను. ముఖం తెర నిండా వచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్లు పెద్దవయ్యాయి, ఒళ్లంతా ముదురు పసుపు. నేను అనుకుని చేయలేదు. ఇన్నేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే ఆ గీత మీదికి పోయింది, చుక్కను పట్టుకుంది.

ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది. ఆ చేతిలో బలం లేదు, అయినా ఆగిపోయాను.

"ఉండనీప్పా. ఒక్కసారన్నా నన్ను సూడు," అంది.

ల్యాప్‌టాప్ మూసేసి ఆమె వైపు తిరిగాను. చూశాను. చాలాసేపు చూశాను, ఆమె "చాల్లే, సిగ్గయితాది" అని ముఖం పక్కకు తిప్పుకునేదాకా.